ఇద్దరికి ఒకే వంట
జంషెడ్‌పూరు గృహములలో ఆహార నియమముల ఆచరణ

ఆహార నియమములు తెలియనివారు నేడు తక్కువ. ఉప్పు తగ్గింపవలెననియు, నూనె మితముగా వాడవలెననియు, కూరగాయలు హెచ్చుగా తినవలెననియు వినని గృహస్థు లేడు. ఐనను విన్న నియమము వంటయింటి గడప దాటి లోనికి పోవుట అరుదు. దీనికి కారణము అజ్ఞానము కాదు. బద్ధకమనుటయు న్యాయము కాదు. నియమములను ఒక్కొక్క మనుష్యునికి విడివిడిగా చెప్పుదురు. వంట మాత్రము కుటుంబమంతటికి ఒక్కటిగా సాగును. వైద్యుడు భర్తకు చెప్పిన మాటను భార్య పొయ్యి యొద్ద ఆచరణలో పెట్టవలసియున్నది. ఈ రెంటి నడుమ గల ఎడమును పూడ్చు మార్గమును తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

విషయము చిన్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలికి చెందిన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కొరకు 17 ఆహార సూత్రములను ప్రకటించినది. మన దేశములోని వ్యాధుల భారములో నూటికి 56.4 వంతులు అపథ్యమైన ఆహారము వలననే కలుగుచున్నవని ఆ సందర్భమున అంచనా వేసినది. దేశములో 10 కోట్లకు పైగా జనులు మధుమేహముతో జీవించుచున్నారని 2023లో వెలువడిన పరిశోధన మండలి సర్వే తెలిపినది. ఈ వ్యాధులలో పెక్కింటిని తొలగించుటకో, వెనుకకు నెట్టుటకో వలసిన సాధనములు మందుల అంగడిలో గాక కూరగాయల అంగడిలో నున్నవి.

మారిన శ్రమ, మారని పళ్ళెము

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు చోట వెలసిన జంషెడ్‌పూరు ఉక్కు నగరము. 1907లో స్థాపింపబడిన టాటా సంస్థ కర్మాగారమున 1912లో ఉక్కు తయారు కాజొచ్చినది. 1919లో ఈ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టబడినది. పని వెదకుకొనుచు వచ్చినవారిలో శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు పెక్కుమంది. కదమా, సోనారి, బిష్టుపూరు, గోల్మురి మొదలగు పేటలలో వారి సంతతివారు నేటికిని నివసించుచున్నారు. భాషతో పాటు వంటయు వారి వెంట వచ్చినది. వేసవిలో స్వగ్రామము నుండి ఆవకాయ జాడీ రైలెక్కి టాటానగరు స్టేషనులో దిగుట ఈ కుటుంబములలో ఏటేట జరుగు ముచ్చటయే.

తొలి తరమువారు కొలుముల వేడిలో బరువులు మోసి, పారపట్టి, నడుము వంచి పనిచేసిరి. వారికి నిండు పళ్ళెము అన్నము న్యాయమైనదే. నేడు ఆ పనిలో అధిక భాగమును యంత్రములు చేయుచున్నవి. కుర్చీలో కూర్చుండి మీటలను, తెరలను కనిపెట్టి చూచు ఉద్యోగములు హెచ్చినవి. పరిశోధన మండలి 2020లో నిర్ణయించిన లెక్క ప్రకారము, కఠిన శ్రమ చేయు పురుషునికి దినమునకు 3470 కిలో కేలరీల శక్తి కావలెను. కూర్చుండి పనిచేయువానికి 2110 చాలును. ఈ భేదము 1360 కిలో కేలరీలు. తాత చేసిన శ్రమ మనుమనికి లేదు. తాత తిన్న అన్నము మాత్రము మనుమని పళ్ళెములో నిలిచియున్నది. వాడబడక మిగిలిన శక్తి క్రొవ్వుగా మారి నడుము చుట్టు చేరును. పురుషులకు నడుము కొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో అది హెచ్చరికయని గ్రహింపవలెను.

ఒక జంట చేసిన ప్రయత్నము

ఈ క్రింది దంపతుల వృత్తాంతము ఏ ఒక్కరిదియు కాదు. పెక్కు ఇండ్లలో కన్పించు స్థితిగతులను ఒక్క యింట చేర్చి ఉదాహరణముగా చెప్పబడినది.

భర్తకు 46 సంవత్సరములు; కర్మాగారములో షిఫ్టుల మీద పని. భార్యకు 41; ఇంటి పనితో పాటు కుట్టుపని చేయును. స్వస్థలము పలాస ప్రాంతము, కాపురము కదమాలో. పిల్లవాడు చదువునకై వేరొక ఊర నున్నాడు. ఒకనాటి పరీక్షలో భర్తకు రక్తపు పోటు 140/90 హద్దును దాటినట్లును, పరగడుపున చక్కెర 100కును 126కును నడుమ నున్నట్లును తేలినది. అనగా మధుమేహము ఇంకను రాలేదు. వచ్చు త్రోవలో నున్నది. భార్యకు రక్తములో హిమోగ్లోబిను 12 గ్రాములకు తక్కువగా నుండెను, అనగా రక్తహీనత. వైద్యుడు అతనికి ఉప్పు, అన్నము, నూనె తగ్గింపుమని చెప్పి, ఆమెకు ఇనుము మాత్రలు వ్రాసి, బలమైన ఆహారము తినుమని చెప్పెను.

దంపతులు ఉత్సాహముతో మొదలిడిరి. మొదటి వారము ఇంట రెండు వంటలు జరిగెను: అతనికి చప్పిడి కూర, ఆమెకు మామూలు కూర. పని రెట్టించినది, గ్యాసు రెట్టించినది. అతడు చప్పిడి కూర రెండు ముద్దలు తిని, "ఒక్క ముక్క ఆవకాయ వేస్తే ఏమవుతుందే?" అని అడుగును. ఒక్క ముక్క రెండగును. అన్నము సగము చేసిరి గాని, తగ్గించిన అన్నమునకు బదులు పళ్ళెములో ఏమియు చేరలేదు. రాత్రి పదకొండు గంటలకు పనిచోట కడుపు కాలగా అతడు రెండు సింగాడాలు, చక్కెర వేసిన టీ పుచ్చుకొనెను. ఇంట మానిన శక్తి బయట తిరిగి చేరినది.

మరియొక తప్పు ఎవరికిని కన్పడక జరిగిపోయినది. పప్పు, పెరుగు, పండ్లు అతనికి "మందు" అను భావము ఇంట ఏర్పడినది. ఆమె పప్పు గిన్నె అతని వైపు జరిపి, "ఇది మీకే సరిపోతుందండీ, నాకు చారు చాలు" అనును. అతడు తిన్న పిదపగాని ఆమె తినదు; అతడు రాత్రి పది గంటలు దాటి వచ్చు దినములలో ఆమె భోజనము పదకొండు గంటలకు. అప్పటికి కూర అడుగంటియుండును. తగ్గింపవలసినవాడు తగ్గింపలేదు, హెచ్చింపవలసినది హెచ్చింపలేదు సరికదా, ఉన్నదియు తగ్గించుకొనెను.

నెల గడచిన తరువాత ఇరువురును వైద్యశాలలోని పోషకాహార సలహాదారిణి యొద్దకు పోయిరి. ఆమె ఏమి తినుచున్నారని అడుగలేదు. మూడు ప్రశ్నలు వేసెను. "ఉప్పు పొట్లము ఎన్ని రోజులు వచ్చుచున్నది? నూనె నెలకెంత? ఇల్లాలు ఎన్ని గంటలకు భోంచేయుచున్నది?" మొదటి రెండు ప్రశ్నలకు ఉజ్జాయింపుగా జవాబులు వచ్చినవి. మూడవదానికి భర్త యొద్ద జవాబు లేకపోయెను. అసలు చికిత్స ఈ మూడవ ప్రశ్నతోనే మొదలైనది.

ఒకే కుండ, రెండు కొలతలు

సలహాదారిణి చెప్పిన మార్గము సులభమైనది. రోగికొక వంట, తక్కినవారికొక వంట అను పద్ధతి ఏ యింటను మూడు వారములు నిలువదు. కావున వంట ఒక్కటిగానే యుండవలెను. ఆ వంటయే అందరికిని హితమైనదిగా నుండవలెను. తక్కువ ఉప్పు, తక్కువ నూనె ఆరోగ్యవంతునికిని మేలే. భేదము కుండలో కాదు, వడ్డనలో నుండవలెను. అతని పళ్ళెములో సగము కూర, ఆకుకూర, పావు అన్నము, పావు పప్పు లేక చేప, గ్రుడ్డు. ఆమె పళ్ళెములో పప్పు అంతే, కూర అంతే, పెరుగు అంతే. అన్నము ఆకలిని బట్టి మరికొంత. వడ్డన ఒకే సమయమున, ఎదురెదురుగా జరుగవలెను. షిఫ్టు కారణమున అది వీలుపడనినాడు ఆమె పాలు ముందుగానే వేరు గిన్నెలో తీసియుంచవలెను. ఆమె తన వేళకు తాను తినవలెను.

ఇల్లాలు చివర తినుట ప్రేమకు గుర్తని మన ఇండ్లలో ఎంచుదురు. కాని ఝార్ఖండు రాష్ట్రములో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 65 మందికి రక్తహీనత కలదని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. అడుగంటిన గిన్నెకును ఈ లెక్కకును సంబంధము లేదనలేము. అలసట, ఆయాసము, తల తిరుగుట మొదలగునవి "ఇంటి పని వల్ల" అని సరిపెట్టుకొనుట తగదు.

నెల సరుకుల చీటీ

ప్రతి పూటయు త్రాసు పట్టుకొని భోంచేయుట ఎవరికిని సాధ్యము కాదు. కాని నెలకొకసారి సరుకుల చీటీ వ్రాయుట ప్రతి యింటను కలదు. నియమమును పళ్ళెములో పెట్టుటకు మారుగా చీటీలో పెట్టినచో, ఆ నెలంతయు అది తానే కాపాడును. దినమునకు 2000 కిలో కేలరీల ఆహారమునకు పోషకాహార సంస్థ సూచించిన కొలతలను ఇద్దరు మనుష్యులకు, 30 దినములకు హెచ్చించి చూచినచో చీటీ ఇట్లుండును. ధాన్యములకు, పప్పులకు చెప్పిన తూకము వండకముందటిది.

ధాన్యములు: ఒకరికి దినమునకు 250 గ్రాములు, ఇద్దరికి నెలకు 15 కిలోలు. బియ్యము, గోధుమపిండి, చోళ్ళు, అటుకులు అన్నియు ఇందులోనివే.

పప్పులు, కాయధాన్యములు: ఒకరికి 85 గ్రాములు, ఇద్దరికి నెలకు ఇంచుమించు 5 కిలోలు. మాంసము, చేపలు, గ్రుడ్లు తినువారు ఆ మేరకు తగ్గింపవచ్చును. ధాన్యము మూడు పాళ్ళు, పప్పు ఒక పాలు అను ఈ నిష్పత్తిలో ఒకదానిలోని మాంసకృత్తుల లోటును మరియొకటి పూరించును.

కూరగాయలు, ఆకుకూరలు: ఒకరికి 400 గ్రాములు, ఇద్దరికి వారమునకు 5 కిలోలకు పైన. పండ్లు ఒకరికి దినమునకు 100 గ్రాములు.

పాలు లేక పెరుగు: ఒకరికి 300 మిల్లీలీటర్లు.

పలుకులు, గింజలు: ఒకరికి 35 గ్రాములు. వేరుసెనగ, నువ్వులు, జీడిపప్పు ఏదైనను ఉప్పు చల్లి వేయించనిది మేలు.

నూనె, నెయ్యి: ఒకరికి 27 గ్రాములు, ఇద్దరికి నెలకు ఒకటి ముప్పాతిక లీటరు. నేతికిని, వనస్పతికిని, నూనెకును కలిపి చెప్పిన కొలత ఇది.

ఉప్పు: ఒకరికి 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు. ఇద్దరికి నెలకు 300 గ్రాములు. కిలో పొట్లము 100 దినములు రావలెను.

చక్కెర, బెల్లము: ఒకరికి దినమునకు 25 గ్రాములు మించరాదు. దినమునకు నాలుగు గ్లాసుల టీ, గ్లాసునకు రెండు చెంచాల చక్కెర అయినచో టీలోనే 40 గ్రాములు చేరును.

కఠిన శ్రమ చేయువారు, గర్భిణీ స్త్రీలు, పాలిచ్చు తల్లులు ఈ కొలతలకు మించి తినవలసియుండును.

ఉప్పు విషయమున ఆ దంపతులు ఒక చిన్న ఉపాయము చేసిరి. పొట్లము విప్పిన తేదీని దాని మీదనే వ్రాసిరి. మొదటి పొట్లము 45 దినములలో ముగిసెను. అనగా ఒక్కొక్కరికి దినమునకు సుమారు 11 గ్రాములు. ఇందులో ఆవకాయలోని ఉప్పుగాని, బయట తిన్న చిరుతిండ్లలోని ఉప్పుగాని చేరలేదు. ఆవకాయలో ఆవపిండి, కారము, ఉప్పు ఇంచుమించు సమపాళ్ళలో పడునని తెలుగు ఇల్లాండ్రందరికి తెలిసినదే. ఐనను దానిని ఉప్పు లెక్కలో చేర్చువారు లేరు. క్రమముగా వారు అన్నము వార్చునపుడు, చపాతి పిండి తడుపునపుడు ఉప్పు వేయుట మానిరి. కూరలో ఉప్పును వారమునకు కొంచెముగా తగ్గించి, ఆ లోటును నిమ్మరసముతోను, చింతపండుతోను, అల్లముతోను, జీలకఱ్ఱతోను తీర్చిరి. ఉప్పు డబ్బా భోజనపు బల్ల మీద నుండి వంటయింటి అటకకు చేరెను. ఊరగాయ ఆదివారపు భోజనమునకు మాత్రమే పరిమితమైనది. తరువాతి పొట్లము 84 దినములు వచ్చెను: ఒక్కొక్కరికి సుమారు 6 గ్రాములు. హద్దును ఇంకను అందుకొనలేదు; కాని దారి కనబడినది. నాలుక తక్కువ ఉప్పునకు కొన్ని వారములలో అలవాటు పడును. ఒక్కసారి అంతయు మానినచో తిరుగబడును.

బియ్యము నేర్పిన పాఠము

అన్నమును గూర్చి తెలుగువారికి తెలిసియుండవలసిన చరిత్ర ఒకటి కలదు. నేటి జాతీయ పోషకాహార సంస్థకు మూలమైన చిన్న పరిశోధన కేంద్రమును 1918లో సర్ రాబర్ట్ మెకారిసన్ కూనూరులో నెలకొల్పెను. అది మొదట చేపట్టినది బెరిబెరి వ్యాధి పరిశీలన. ఆ వ్యాధి హెచ్చుగా నుండిన ప్రాంతములలో ఉత్తర సర్కారులు, అనగా నేటి కోస్తా ఆంధ్ర జిల్లాలు, ముఖ్యమైనవి. మరలో బాగుగా తెల్లచేసిన పచ్చిబియ్యమునే ప్రధానముగా తినుట అందులకు కారణము. బియ్యపు పైపొరలోని బి-1 విటమిను తవుడుతో పాటు పోవును. మిగిలినదియు కడుగునీటితోను, గంజితోను పోవును. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి దంచిన ఉప్పుడు బియ్యములో ఆ విటమిను గింజ లోపలికి ఇంకి నిలుచును. కావున ఉప్పుడు బియ్యము తినువారిలో ఆ వ్యాధి అరుదు. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో నేటి పేరు పొందినది.

నేడు బెరిబెరి దాదాపు కన్పించుట లేదు. ఆహారములో వైవిధ్యము పెరిగినది. ఐనను ఆ పాఠము పాతబడలేదు. బియ్యము మల్లెపూవు వలె తెల్లగా నుండవలెనను కోరిక వలన పోషకములను మనమే పారవేయుచున్నాము. జంషెడ్‌పూరు అంగళ్ళలో "ఉస్నా" అను పేర ఉప్పుడు బియ్యము సులభముగా దొరకును. ఇరుగుపొరుగున నున్న బెంగాలీ, ఒడియా, ఆదివాసీ కుటుంబములలో అది వాడుక. దానిని గాని, తక్కువ పట్టు పట్టిన బియ్యమును గాని వాడి, కడుగుట రెండుసార్లతో ముగించి, ఎసరు సరిపెట్టి గంజి వార్చకుండ వండుట మేలు. చక్కెర వ్యాధి భయమున్నవారు మాత్రము బియ్యపు రకమును మార్చినంతనే చాలునని తలపరాదు. అన్నపు కొలతయే ముఖ్యము.

ఊరి సంతలోని సిరి

మంచి ఆహారమనగా దూరదేశపు ఖరీదైన వస్తువని భ్రమపడువారు కలరు. జంషెడ్‌పూరు సంతలలో పరిసర గ్రామముల స్త్రీలు బుట్టలతో తెచ్చి అమ్ము ఆకులు, గింజలు ఆ భ్రమను తొలగింపగలవు. పెక్కు వస్తువులు తెలుగువారికి పాత చుట్టములే. పేరు మాత్రమే వేరు.

ఇచ్చట "మూంగా సాగ్" అనునది మన మునగాకు. పప్పులో వేసినను, వేయించి పొడి చేసినను మంచిది. "కుల్థీ" అనగా ఉలవలు. మాంసకృత్తులు సమృద్ధిగా గల చవుక ధాన్యము. "మడువా" అనగా చోళ్ళు. శ్రీకాకుళపు చోడి అంబలి త్రాగి పెరిగినవారు పట్నవాసములో దానిని మరచి బ్రెడ్డు, బిస్కట్టు అలవరచుకొనిరి. చోళ్ళలోని సున్నపు పాలు ధాన్యములన్నింటిలో అధికము. "కుద్రుమ్" గోంగూర జాతి మొక్క. దాని ఎఱ్ఱని కాయరేకులతో ఇచ్చటివారు పచ్చడి చేసికొందురు. శనగలు వేయించి విసిరిన సత్తు, నీటిలో నిమ్మరసముతో కలిపి త్రాగిన, షిఫ్టునకు పోవువానికి సింగాడా కంటె ఎన్నో రెట్లు మేలైన ఉపాహారము.

ఆ ఇల్లాలు వారమునకు నాలుగు దినములు ఆకుకూర వండ మొదలిడెను. ఇనుప మూకుడు అటక దిగెను. ఆకుకూరలలోను, పప్పులలోను గల ఇనుము శరీరమునకు సులువుగా పట్టదు. నిమ్మ, ఉసిరి, జామ వంటి పులుపుగల పండ్లలోని సి విటమిను తోడైనచో బాగుగా పట్టును. దీనికి విరుద్ధముగా టీ, కాఫీలు ఆ ఇనుమును పట్టనీయవు. కావున భోజనమునకు ముందు ఒక గంట, తరువాత ఒక గంట టీ త్రాగరాదు. ఇనుము మాత్రను టీతో మ్రింగుట మాత్రను వృథా చేయుటయే. రక్తహీనతకు ఆహారము తోడ్పాటు. వైద్యుడు వ్రాసిన మాత్రలను ఆహారము పేర మానరాదు.

షిఫ్టులు, భోజన వేళలు

ఉదయము 6 నుండి 2 వరకు, 2 నుండి రాత్రి 10 వరకు, 10 నుండి మరల ఉదయము 6 వరకు సాగు మూడు షిఫ్టుల జీవితము ఈ నగరపు గడియారము. భోజన నియమములను వ్రాయువారు తరచుగా ఈ గడియారమును మరతురు. రాత్రివేళ శరీరము చక్కెరను పగటివలె చక్కబెట్టుకొనలేదు. అదే అన్నము నడిరేయి తిన్నచో రక్తములో చక్కెర హెచ్చుగా పెరుగును. చిరకాలము రాత్రి పనిచేయువారిలో మధుమేహము, స్థూలకాయము అధికమని పరిశోధనలు తెలుపుచున్నవి.

కావున రాత్రి షిఫ్టునకు పోవువారు ముఖ్యభోజనమును బయలుదేరుటకు ముందు, ఎనిమిది గంటల ప్రాంతమున, ముగింపవలెను. పనివేళ ఆకలియైనచో వేయించిన శనగలు, పండు, చప్పని మజ్జిగ చాలును. తెల్లవారుజామున టీ మానినచో ఇంటికి వచ్చిన పిదప నిద్ర బాగుగా పట్టును. నిద్రకు ముందు తేలికయైన ఫలహారము, నిద్ర లేచిన తరువాత భోజనము. మధ్యాహ్నపు షిఫ్టువారు ఇంటనే ఒంటి గంటకు ముందు ఇల్లాలితో కలిసి పూర్తి భోజనము చేసి, సాయంకాలము డబ్బాలో తెచ్చుకొన్న ఫలహారము తిని, రాత్రి ఇంటికి చేరిన తరువాత కొద్దిపాటి ఆహారముతో ముగింపవలెను. ఉదయపు షిఫ్టువారు ఖాళీ కడుపుతో బయలుదేరరాదు.

కొలుముల వేడిలో చెమటోడ్చి పనిచేయువారికి నీటి అవసరము హెచ్చు. వారు తమ కర్మాగారపు వైద్యుని సలహా పాటింపవలెను. చెమట పోయినదను నెపమున ఊరగాయ తినుట దానికి ప్రత్యామ్నాయము కాదు. 1948 నాటి కర్మాగారముల చట్టము, అది అమలులో నుండిన కాలమున, 250 మందికి మించి పనివారు గల చోట్ల క్యాంటీను ఏర్పాటును విధించియుండెను. క్యాంటీను ఉన్న చోట అందులో ఏమి వండవలెనో అడుగుట పనివారి చేతిలోని సంగతి. వేపుడుకు బదులు ఉడికించిన శనగలో, గ్రుడ్డో, పండో కావలెనని కోరవచ్చును.

పండుగలు, చుట్టములు

నియమములు చాలవరకు పండుగనాడు తెగును. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరమునకు పోయి ప్రసాదమును వద్దనుట తెలుగువారికి సాధ్యము కాదు, అవసరమును లేదు. పండుగ ఏడాదికి కొన్ని దినములే. హాని చేయునది పండుగనాటి బూరె కాదు, ప్రతిదినము సాయంకాలపు జిలేబి. పైగా మన పండుగలలోనే మంచి ఆహారము కలదు: శ్రీరామనవమి వడపప్పు ఉప్పు, నూనె లేని నానబెట్టిన పెసరపప్పే గదా. అది ఆ ఒక్కనాటికే పరిమితము కానక్కరలేదు. పండుగ వంటలకు ఒకసారి కాచిన నూనెను మరల మరల కాచి వాడరాదు.

పెద్దల మాట మరియొక చిక్కు. స్వగ్రామము నుండి వచ్చిన అత్తగారు కొడుకు పళ్ళెము చూచి, "కష్టపడి పనిచేసేవాడికి నాలుగు మెతుకులు తక్కువ పెడితే ఎలాగమ్మా?" అని కోడలిని మందలించెను. ఇట్టి వేళ జవాబు చెప్పవలసినవాడు కొడుకు. "నేనే తగ్గించుకున్నానమ్మా, పప్పూ కూరా ఎక్కువ తింటున్నాను" అను ఒక్క మాటతో ఆమె కలతయు, కోడలి మీది నిందయు తొలగెను. భర్త ఆరోగ్యము భార్య ఒక్కతె బాధ్యత కాదు. సంతకు పోయి కూరలు తెచ్చుట, వాటిని తరుగుట, ఉప్పు డబ్బా వద్దనుట అతడును చేయదగినవే. వీలుపడిన దినములలో ఇరువురును జూబిలీ పార్కులో అరగంట వడిగా నడచినచో ఆహార నియమమునకు బలము చేకూరును.

కొన్ని అపోహలు

సైంధవ లవణము హాని చేయదను మాట సరికాదు. అదియు ప్రధానముగా ఉప్పే. పోటును పెంచు సోడియము అందులోను గలదు. అయొడిన్ చేర్చిన ఉప్పునే, తక్కువగా, వాడవలెను. పొటాషియము కలిపిన ఉప్పులను మూత్రపిండ వ్యాధి గలవారు వైద్యుని అడుగక వాడరాదు.

బెల్లము, తేనె చక్కెర వ్యాధివారికి పనికివచ్చునను నమ్మకము తప్పు. అవియు రక్తములో చక్కెరను పెంచును.

అన్నము మాని చపాతీలు ఎన్ని తిన్నను ఫరవాలేదనుట పొరపాటు. గోధుమపిండిలోను పిండిపదార్థమే అధికము. పొట్టుతో కూడిన పిండి, పరిమితమైన కొలత ముఖ్యము.

పోటు మామూలు స్థితికి వచ్చినంతనే మందు మానుట ప్రమాదకరము. మందును తగ్గింపదగినవాడు వైద్యుడు మాత్రమే.

పరీక్షల ఆవశ్యకత

అధిక రక్తపు పోటు గాని, చక్కెర గాని మొదట ఏ బాధయు కలిగింపవు. 30 సంవత్సరములు దాటిన ప్రతి స్త్రీయు, పురుషుడును వీటిని పరీక్షింపించుకొనవలెను. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములలో ఈ పరీక్షలు ఉచితముగా చేయుదురు. భర్త పరీక్షకు పోవు దినమున భార్యయు పోవలెను. చీటీ ఒకరిది, ఆరోగ్యము ఇద్దరిది.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. రోగికి వేరు వంట వద్దు. అందరికిని ఒకే హితమైన వంట, భేదము వడ్డనలో.

2. ఇల్లాలి పాలు ముందే తీయవలెను. ఆమె వేళకు తినవలెను.

3. ఉప్పు పొట్లము మీద విప్పిన తేదీ వ్రాయవలెను. ఇద్దరికి కిలో ఉప్పు 100 దినములు.

4. ఇద్దరికి నెలకు నూనె ఒకటి ముప్పాతిక లీటరు మించరాదు.

5. అన్నము తగ్గించినచో ఆ స్థానమున కూర, పప్పు చేర్చవలెను. ఖాళీ పళ్ళెము చిరుతిండికి దారి.

6. భోజనమునకు గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు వద్దు.

7. రాత్రి షిఫ్టులో ముఖ్యభోజనము పనికి ముందే ముగింపవలెను.

8. ఒకనాడు నియమము తప్పినచో మరునాడు తిరిగి ప్రారంభింపవలెను. తప్పినదని విడిచిపెట్టుటయే నిజమైన నష్టము.